టోకెన్ నంబర్ నూట పదిహేడు

కలెక్టరమ్మా,
పొద్దుగాల ఏడింటికొచ్చి లైన్ల నిలవడ్డ.
అర్జీలు రాసే సారు
"భూమి పంచాయితా, పింఛనా?" అనడిగిండు.
రెండూ కాదంటే కలానికి మూత వెట్టిండు.
అందుకే నోటితోనే చెప్త.

మాది గీసుగొండ దిక్కు.
ఎనుమాముల మార్కెట్ల మిరపకాయల తొడిమెలు తీస్త,
తాలుకాయ ఏరుత.
చేతుల మంట ఎన్నడూ ఆరది, గది వేరే ముచ్చట.

నా పెద్దబిడ్డ నవనీత పుట్టిన్నాడు వాన.
దవాఖానల పాదానికి నీలం సిరా పూసి
కాయిదం మీద అద్దిండ్రు, పిల్లలు తారుమారు గావద్దని.
గా ముద్ర ఇప్పటికీ నా తాన ఉన్నది.
శనగగింజలసొంటి వేళ్లు,
కింద గుండ్రంగ మడిమె.

ఏడుపే లేదు పిల్లకు.
వాడకట్టంత మెచ్చుకున్నరు:
"బంగారమసొంటి బిడ్డ, సప్పుడే లేదు,
తల్లిని పనికి పోనిస్తది."
నేను గూడ మురిసిన, కలెక్టరమ్మా.
మురిసిన అని చెప్పనీకె ఇయ్యాలటికీ నోరు రాదు.

పసిరికలు నెల దాటినా పోలె.
ఎండకు పండవెట్టుమన్నరు, పండవెట్టిన.
బొడ్డు ఉబ్బితే
రూపాయిబిళ్ల బట్టల సుట్టి కట్టింది మా అత్త.
నాలిక బయటికొస్తే ఆకలన్నరు.
మూడొద్దులకోపాలి దొడ్డికి పోతే
పాలు ఒంటికి పడుతున్నయన్నరు.
ప్రతిదానికి ఒక జవాబుండె.

పదిహేను నెలలకు, కూసోరాని బిడ్డను ఎత్తుకొని పోతే
ఒక డాక్టరు మెడ మీద ఏలు వెట్టి చూపిచ్చిండు:
ఇక్కడ సీతాకోకచిలుక లెక్క ఒక గ్రంథి ఉంటదట,
ఈమెకది పని చేస్తలేదట.
పుట్టిన మూడోనాడు మడిమెకు సూది గుచ్చి
ఒక్క బొట్టు కాయిదం మీద అద్దితే తెలిసేదట.
అద్దితే.

నెల గోళీలకు నా ఒక్కపూట కూలి గూడ గాదు.
ఏస్తున్నం. నడుస్తది, నవ్వుతది.
పోయిన పదిహేను నెలలు మాత్రం
ఏ మెడికల్ షాపుల అమ్మరు.

మార్కెట్ల రోజూ చూస్త.
పత్తిబండి వస్తది.
దిగకముందే ఒకడు మిషన్ పొడుస్తడు, తేమ చూస్తడు,
ఎనిమిదా పన్నెండా, నంబర్ చెప్తడు.
బస్తాబస్తాకు పొడుస్తడు, ఒక్కటిడువడు.
నాకు గా మిషన్ మీద కోపమొస్తది.

రెండో కాన్పుకు నేనే పట్టువట్టిన.
"ఇక్కడ చెయ్యరమ్మా" అన్నది పుష్పలీల సిస్టరు.
నేను మంచం దిగలె.
ఎక్కడికెల్లో ఆ కాయిదం తెచ్చింది,
దాని మీద సున్నలు గీసున్నయి.
సూది దిగంగనే పిల్లగాడు కెవ్వుమన్నడు.
ఆ ఏడుపింటే కడుపుల ఎంత సల్లగైందో!
నీడపట్టున ఆరాలెనంటే
బాలింతను, నాలుగు గంటలు ఆ నెత్తురుకు కాపలున్న.
బస్సు కార్గోల హైదరాబాదుకు పోయింది.
ఆరోనాడు ఫోనొచ్చింది: వీనికీ అదే.
ఏడోనాడు గోళీ నలిపి, పాలల్ల కలిపి, ఉగ్గుగిన్నెతోని.

ఇప్పుడు మణిదీప్‌కు నాలుగేండ్లు, నవనీతకు తొమ్మిది.
పొద్దుమీకి అరుగు మీద కూసోని
తమ్ముడు అక్కకు ఒంట్లు చెప్తడు.
ఏడు కాడ ఆమె ఆగుతది.
వాడు మల్ల ఒకటి కాన్నుంచి మొదలువెడతడు, ఇసుక్కోడు.
నేను వంటింట్ల నిలవడి
ఎనిమిది కోసం ఎదురుచూస్త.

ఇల్లు అడుగుతలేను.
ప్రతి కాన్పుల, ప్రతి పిల్లకు,
ఇంటికి తోలకముందు ఆ సూది గుచ్చున్రి.
ఏటూరునాగారం అడివిల పుట్టినా,
హన్మకొండల ఏసీ రూముల పుట్టినా.
ఈ ఒక్క రోగానికే కాదు,
చెవులు ఇనవడుతున్నయో లేదో చూడున్రి, గుండె చూడున్రి,
ఇంకేమేం ఉన్నయో నాకు పేర్లు తిరగయి,
డాక్టర్లను కూసోవెట్టి అడుగున్రి.
వెయ్యిల ఒక్కరికే అంటరు.
ఆ ఒక్కరు నా ఇంట్ల ఇద్దరు.

బంట్రోతు నూట పద్దెనిమిదని పిలుస్తుండు.
పోతున్న.
ఏడ వెయ్యాలె?
సంతకం వస్తది గని, ఏలుముద్రనే వేస్త.
సిరా జర ఇటు జరపున్రి.